వాసన రాని గ్యాసు

మా ఆయనకి బీరంటే అంత ఇష్టమేమీ లేదు. ఒక గ్లాసు తాగితే రెండోది ముట్టరు. అయినా అమెరికాలోని చాండ్లర్‌లో మేం అద్దెకున్న ఇంటి గరాజ్‌లో ఒక వేసవంతా కూర్చుని, ఒక పెద్ద ఫ్రీజర్‌ని బీరు పట్టుకునే కుళాయిల పెట్టెగా మార్చారు. ఆయనకి చేయడానికి వేరే పని లేదు. ఉన్నా చేసే అనుమతి లేదు.

నేను అక్కడ ఒక చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీర్‌ని, హెచ్-1బి వీసా మీద. ఆయనది నా మీద ఆధారపడిన హెచ్-4. ఆ వీసా మీద వచ్చినవాళ్లు అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. పెళ్లికి ముందు ఆయన గుంటూరులో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు చూసుకునేవారు. చప్పుడు విని జబ్బు చెప్పేస్తారని అక్కడ ఆయనకి పేరు. ఇక్కడికొచ్చాక రెండేళ్లుగా ఆ చెవులకి మా డిష్‌వాషర్ మోత తప్ప ఏమీ దొరకలేదు.

ఎదురింట్లో ఒక రిటైరైన అమెరికన్ పెద్దాయన ఉండేవాడు. బీరు ఇంట్లోనే తయారుచేసుకునేవాడు. ఒకసారి ఆయన ఫ్రిజ్ ఆగిపోతే మా ఆయన వెళ్లి బాగుచేశారు. దానికి బదులుగా ఆ పెద్దాయన బీరు నింపే స్టీలు డబ్బాలు రెండు ఇచ్చి, తన గరాజ్‌లో ఉన్న ఏర్పాటు చూపించాడు. మర్నాడే మా ఆయన ఎవరో అమ్మేస్తున్న ఫ్రీజర్‌ని తెచ్చారు. ఐస్‌క్రీమ్ షాపుల్లో ఉండే రకం, పెట్టెలా మూత పైకి తెరుచుకుంటుంది.

ఆ పెట్టె గోడకి కన్నం పెడితే లోపలున్న గొట్టం తెగి మొత్తం పాడవుతుంది. అందుకని మూతకీ పెట్టెకీ మధ్య చెక్కతో ఒక చట్రం కట్టి, కుళాయిలు ఆ చెక్కకి బిగించారు. లోపల బీరు గడ్డకట్టకుండా, చలిని అదుపులో ఉంచే కంట్రోలర్ పెట్టారు. చెక్కని ఎంత నున్నగా గీకారంటే, నేను ఆఫీసు నుంచి వచ్చి దాని మీద చెయ్యేసి నిమిరేదాన్ని. ఆయన అది చూసి నవ్వేవారు. చాలా రోజుల తర్వాత చూసిన నవ్వు.

అది ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో ఆయన్ని, "మీరెక్కడ వర్క్ చేస్తున్నారు?" అని అడిగారు. ఆయన నోరు తెరిచేలోపే నేను, "బ్రేక్ తీసుకున్నారండీ, త్వరలో జాయిన్ అవుతారు," అనేశాను. ఇంటికొచ్చి కారు దిగుతూ ఆయన, "నా గురించి నువ్వు అబద్ధాలు చెప్పాల్సిన అవసరం లేదు," అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నం వడ్డించుకోవడం, చెత్తబుట్ట బయట పెట్టడం వంటి వాటికి మాత్రమే మాటలు మిగిలాయి. నేనేం చెప్పినా ఉద్యోగం ఉందన్న ధీమాతో చెబుతున్నానని ఆయనకి అనిపిస్తుందేమోనని, ప్రతి మాటా నోట్లోనే తిప్పి మింగేసేదాన్ని.

అలాంటి రోజుల్లోనే, ఒక గురువారం సాయంత్రం గరాజ్‌లో కారు ఆపి దిగుతూ చూశాను. బీరుని కుళాయి దాకా తోసేది కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. ఆ సిలిండర్‌ని ఆయన ఫ్రీజర్ లోపలే, స్టీలు డబ్బాల పక్కన నిలబెట్టి మూత వేస్తున్నారు.

నా అడుగు ఆగిపోయింది. ఫ్యాక్టరీలో మాకు ప్రతి ఏడూ ట్రైనింగ్ ఇచ్చేది దీని గురించే. ఆ గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పల్లంలో, గుంటలో, మూతేసిన పెట్టెలో నిండి కూర్చుంటుంది, అందులో తలపెట్టినవాళ్లకి ఊపిరాడదు. ఆయన జీవితమంతా మెలిగింది కోల్డ్ స్టోరేజీలని చల్లబరిచే అమ్మోనియాతో. అది కొంచెం లీకైనా ముక్కు పగిలిపోతుంది, మనిషి తనంతట తానే పరిగెత్తుతాడు. దీనికి వాసన లేదు, ఇది అలా పిలిచి చెప్పదు.

చెప్పాలనుకున్నాను. "సిలిండర్..." అని కూడా అన్నాను.

"ఏం?" అన్నారాయన, తలెత్తకుండా.

"ఏం లేదు. నిండుగా ఉందా అని."

"ఉంది."

లోపలికి వెళ్లిపోయాను.

శనివారం స్నేహితులు నాలుగు కుటుంబాలవాళ్లు వస్తామన్నారు. కుళాయిలు మొదటిసారి తిప్పేది ఆ రోజే. మధ్యాహ్నం మూడింటికి నేను మడత కుర్చీల కోసం గరాజ్‌లోకి వెళ్లాను. బయట మండిపోతోందని పెద్ద తలుపు మూసే ఉంది. ఫ్రీజర్ మూత తెరిచి ఉంది. ఆయన నడుము దాకా లోపలికి వంగి ఉన్నారు. ఒక కాలు నేల మీద లేదు.

"ఏవండీ, కుర్చీలు ఎన్ని?" అన్నాను.

జవాబు లేదు. కోపం ఇంకా తగ్గలేదేమో అనుకున్నాను. ఇప్పటికీ నన్ను కుదిపేసేది ఆ రెండు క్షణాలే. ఆయన మాట్లాడటం లేదని నేను మూతి ముడుచుకుని నిలబడిన ఆ రెండు క్షణాలు.

తర్వాత ఆయన చెయ్యి చూశాను. పట్టుకున్న స్పానర్ జారి, డబ్బాకి తగిలి, కింద పడింది. చెయ్యి దాన్ని వెతకలేదు.

ముందు పరిగెత్తి, పెద్ద తలుపు తెరిచే గోడ మీది బటన్ నొక్కాను. ఆయన దగ్గరికి కాదు, బటన్ దగ్గరికి. గాలి రానివ్వాలి, ఊపిరి బిగబట్టాలి, నీ మొహం లోపల పెట్టకూడదు. ట్రైనింగ్‌లో చెప్పిందంతా నా ఒంటికి గుర్తుంది. తలుపు గరగరమంటూ లేస్తుండగా ఊపిరి బిగబట్టి, ఆయన బెల్టు ఒక చేత్తో, చొక్కా ఒక చేత్తో పట్టుకుని వెనక్కి లాగాను. కదల్లేదు. మళ్లీ లాగాను. ఇద్దరం సిమెంటు మీద పడ్డాం. చంకల కింద చేతులు వేసి ఎండలోకి ఈడ్చాను.

"లే! లెయ్యి! ఊపిరి తీసుకో! నా వంక చూడు!" అని అరుస్తున్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. ఒక పెద్ద దగ్గు వచ్చింది. తర్వాత ఇంకోటి. కళ్లు తెరిచి, "ముక్కులో చురుక్కుమంది... స్పానర్ పడిపోయింది," అన్నారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

911కి ఫోన్ చేస్తుంటే వద్దని చెయ్యి ఊపారు. నేను వినలేదు. ఫైర్ ఇంజన్ వచ్చింది, మొహానికి ఆక్సిజన్ పెట్టారు, వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. స్నేహితులకి రావద్దని ఫోన్ చేశాను. ఆస్పత్రిలో కొన్ని గంటలు ఉంచి, పర్వాలేదని పంపించారు.

తిరిగొస్తుంటే కారులో నేనే మొదలుపెట్టాను.

"సిలిండర్ లోపల పెట్టడం నేను గురువారమే చూశాను."

ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. "చూసి?"

"చెబ్దామనుకున్నా. మీకు కోపమొస్తుందని..."

"కోపమొస్తే వచ్చేది. నీ వర్క్ అదే కదా, రోజూ చేసేది. చెప్పొద్దూ?"

"ఈ మధ్య ఏం చెప్పినా మీరు..."

"నీ ఉద్యోగం చూపిస్తున్నావనుకుంటానని."

నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

"అనుకునేవాణ్ణే," అన్నారు. "కానీ తీసి బయట పెట్టేవాణ్ణి కూడా."

తర్వాత రెండు వారాలు ఆయన గరాజ్ వైపు వెళ్లలేదు. సిలిండర్‌ని ఫైర్ వాళ్లే కట్టేసి వెళ్లారు; మేం ఫ్రీజర్ ప్లగ్ పీకేసి, మూత తెరిచే ఉంచాం. నేను ఆఫీసు నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేదాన్ని. మూడోసారి చేసినప్పుడు, "బతికే ఉన్నాను," అనేవారు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఉదయం నేను గిన్నెలో సబ్బునీళ్లు కలిపి, ఒక బ్రష్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాను. పెద్ద తలుపు పూర్తిగా ఎత్తాను. కాసేపటికి ఆయనా వచ్చి, సిలిండర్‌ని బయటికి తీసి, వాల్వు తిప్పి మిగిలిన కొద్ది గ్యాసుని గొట్టాల్లోకి వదిలారు. నేను ఒక్కొక్క జాయింటుకీ సబ్బునీళ్లు రాశాను. సిలిండర్‌కి మీటర్ బిగించే చోట బుడగలు పొంగాయి. ఆయన విప్పి చూశారు. అక్కడ ఉండాల్సిన చిన్న వాషర్ లేదు.

"నేనే మర్చిపోయాను," అన్నారు. గుంటూరులో ఎవరైనా ఇలా చేస్తే ఆయన పనిలోంచి పంపించేసేవారు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకీ తెలుసు. నేను పనిముట్ల పెట్టెలోంచి వాషర్ వెతికి అందించాను.

సిలిండర్‌ని గోడకి గొలుసుతో కట్టాం. చెక్క చట్రానికి ఒక కన్నం పెట్టి, గ్యాసు గొట్టం మాత్రం లోపలికి పంపాం. డ్రిల్ ఆయన పట్టుకున్నారు, చెక్క నేను పట్టుకున్నాను.

మేం పనిలో ఉండగానే ఎదురింటి పెద్దాయన, మా ఆయన ఎలా ఉన్నారో కనుక్కుందామని వచ్చాడు. సిలిండర్ బయట ఎందుకుందని అడిగాడు. ఈసారి నేను కల్పించుకోలేదు. మా ఆయనే తన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ, జరిగిందంతా చెప్పారు. వాషర్ సంగతితో సహా.

పెద్దాయన మొహంలో రంగు మారింది. "నాది పదేళ్లుగా లోపలే ఉంది," అన్నాడు. "మా ఆవిడ రోజూ అందులోంచే సోడా తీసుకుంటుంది."

ముగ్గురం రోడ్డు దాటి ఆయన గరాజ్‌లోకి వెళ్లాం. తలుపు ఎత్తి, మూత తీసి, అందరం దూరంగా నిలబడి కాసేపు ఎదురుచూశాం. తర్వాత మా ఆయన ఊపిరి బిగబట్టి వంగి, ఆ సిలిండర్‌ని బయటికి లాగారు. ఆయన నిటారుగా లేచి, మా వైపు తిరిగి గాలి పీల్చుకునేదాకా నేనూ పీల్చుకోలేదు.