సార్ అన్న ఒక్క లాటిన్ మాట

మా ఇంగ్లీషు సార్ చనిపోయారని మేడ్చల్ నుంచి ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. వెంటనే రెండో మాట చెప్పింది. "సమాధుల తోటల అమ్మ పక్కన జాగ ఇయ్యరంట అన్నా. చర్చి కమిటీ సెక్రెటరీ గేటుకు తాళమేసిండు."

సార్ అందరికీ నచ్చిన మనిషి కాదు. వయసులో ఫాదర్ కావాలని చదువుకు వెళ్లి మధ్యలో వదిలేశారు. అక్కడ నేర్చిన లాటిన్‌ను మాత్రం వదల్లేదు. తొంభైల్లో మా స్కూల్లో ఆయన క్లాసంటే వెనక బెంచీలకు పోటీ పడేవాళ్లం. ఎవరూ వాడని ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసి, "దీని ఇంటిపేరేంది?" అనేవారు. మూలం చెప్పలేనివాడు నిలబడాలి.

"పుసిల్లుస్ అంటే మస్తు సిన్నది. అనిముస్ అంటే గుండె. రెండు కలిస్తె పుసిలానిమస్, పిరికోడు. ఇగ కూసో, పుసిలానిమస్."

బహదూర్‌పల్లి నుంచి వచ్చే నా పక్క బెంచీవాడికి ఆ పేరు పెళ్లి పందిరి దాకా వెంటవచ్చింది. అతను సార్‌ని ఇప్పటికీ క్షమించలేదు.

నేను ఇంగ్లీషు పేపర్లో చేరాక కూడా సార్ వదల్లేదు. శామీర్‌పేట ద్రాక్షతోటలు వడగళ్లకు సర్వనాశనమయ్యాయనే అర్థంలో 'డెసిమేట్' అయ్యాయని రాసిన ఉదయం ఫోన్ చేశారు.

"రోమ్ సైన్యంల శిక్ష అది. పదిమందిల ఒకన్ని సంపుడు. తోటల పదింట ఒకటే పోయిందా? పోయి సూసి రాయి."

వెళ్లాను. ఒక్క పందిరీ నిలబడి లేదు. అప్పటి నుంచి కళ్లతో చూడకుండా ఏ మాటా వాడలేదు. నాకు ఈ ఉద్యోగం నేర్పింది ఆయనే.

సెక్రెటరీతో గొడవ కూడా ఒక మాట దగ్గరే మొదలైంది. సార్ భార్య జబ్బుతో మంచాన పడితే, రోగుల ఇళ్లకు వెళ్లి పలకరించాల్సిన సెక్రెటరీ ఆ గడప తొక్కలేదు. ఆమె పోయాక, ఒక ఆదివారం పూజ ముగియగానే, సార్ అందరి ముందూ అతని పదవిని 'సైనెక్యూర్' అన్నారు. అక్కడా పాఠమే.

"సినె అంటే లేకుంట. కూరా అంటే బాగోగులు సూసుకునుడు. ఆత్మల బాగోగులు సూడకుంటనె జీతం తినే చర్చి కొలువుకు ఎనుకట పెట్టిన పేరు."

"లాటిన్ల తిట్టినా తిట్టే గద," అన్నాడు సెక్రెటరీ. మళ్లీ వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

నేను చేరేసరికి శవపేటిక గేటు ముందు బల్ల మీద ఉంది. సెక్రెటరీ తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్నాడు.

"మీ నాయిన అన్నది తప్పని నలుగుట్ల ఒక్క మాట అను బిడ్డా. తాళం తీస్త."

సార్ కూతురు పెట్టె మీద చెయ్యి వేసింది. తల్లి సమాధి గేటు ఊచల్లోంచి కనిపిస్తూనే ఉంది.

"అమ్మ మంచంల ఉన్నప్పుడు ఒక్కసారన్న వచ్చిండ్రా అంకుల్? వచ్చిన అనుండ్రి. నాయినది తప్పని ఇప్పుడే అంట."

జనమంతా అతని వైపు తిరిగారు. అతను తాళంచెవిని గోడ మీద పెట్టి స్కూటర్ దగ్గరికి నడిచాడు.

సార్ తిట్టి చదివించినవాళ్లే గడ్డపారలు అందుకున్నారు. భార్య పక్కనే తవ్వారు. బయట స్కూటర్ స్టార్ట్ కావడం లేదు. గడ్డపార దెబ్బల మధ్య కిక్కు చప్పుడు వినిపిస్తూనే ఉంది. తోయడానికి ఎవరూ వెళ్లలేదు.