మా వియ్యంకుడు గారు పొంగించిన పాలు

మా వియ్యంకుడు గారు పోయారు. పొద్దున్నే గురక వినబడకపోతే ఏమిటా అని లేచి పక్క మంచం వైపు చూశాను. మా అమ్మాయిని పిలిచాను. తను నర్సు. చెయ్యి పట్టుకుని చూసి, "నాన్నా, మావయ్యగారు లేరు" అంది.

ఐర్లండ్‌లో కార్క్ పక్కన సముద్రం ఒడ్డున చిన్న ఊరు మాది. ఇక్కడ తెలుగువాళ్లం మేమొక్క ఇల్లే. అయినా మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు మనుషులు బారు తీరారు. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నారు. కేకులు, సాండ్‌విచ్‌లు బల్ల మీద పెట్టి వెళ్లారు. నేను పోతే వీళ్లలో ఎంతమంది వస్తారా అని చూసుకున్నాను. సగం కూడా రారు.

ఆయనంటే నాకు అసూయ. ఉన్నప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది దాచి రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

మా ఇద్దరిదీ గోదావరి జిల్లాలో సముద్రం ఒడ్డే. నేను ఇళ్లకు పెంకులు నేసేవాణ్ణి. ఆయనది కాఫీ హోటలు. తుఫాను వచ్చి పోయాక ఎండలో కప్పు మీద నేను, కింద అరుగు మీద ఆయన. బాగుచేసిన ఇంట్లో మొదట పాలు పొంగించాలి కదా, ఆ పాలు ఆయన హోటలు నుంచే వచ్చేవి. పొంగించడానికీ ఆయన్నే పిలిచేవారు. ఇల్లుగలవాళ్లు నాకు కూలి ఇచ్చేవారు, ఆయనకు దణ్ణం పెట్టేవారు. "కప్పు మీది, పాలు నావండి బావగారూ" అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

మా ఆడవాళ్లిద్దరూ పోయాక పిల్లలు మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. ఆయన కొడుకే నా అల్లుడు. రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా ఇద్దరికీ ఒకటే గది. కిటికీ పక్క మంచం ఆయనది. ఎవరూ ఇవ్వలేదు. వచ్చిన రోజే, బస్సులో సీటుకు వేసినట్టు, దాని మీద తువ్వాలు వేసేశారు.

కిందటి చలికాలంలో పెద్ద గాలివాన వచ్చింది. ఒడ్డు వెంబడి ఇళ్ల మీద పెంకుల బదులు పరిచే రాతి పలకలు ఎగిరిపోయాయి. సముద్రం వంటిళ్లలోకి వచ్చింది. ఇరుగుపొరుగు కలిసి ఒక్కో ఇల్లే బాగుచేసుకుంటూ వచ్చారు. నాకు పైకెక్కే వయసు కాదు. పగలని పలకలు ఏరి, దుమ్ము తుడిచి, కింద నుంచి అందించేవాణ్ణి. ఆయన కుర్చీ వేయించుకుని అందరికీ టీ పోసేవారు. రాని ఇంగ్లీషులో ఏదో అనేవారు, వాళ్లు పడీ పడీ నవ్వేవారు. నేను పలక అందిస్తే మాత్రం వాళ్లు "గ్రాండ్" అనేవారు. అంతే.

మొదటి ఇల్లు పూర్తయిన రోజు ఆయన ఇత్తడి గిన్నె, పాలు పట్టుకుని వెళ్లారు. పాలు పైకి రాగానే మా పక్కింటి పెద్దావిడ "జీసస్!" అని పరుగెత్తుకొచ్చి గిన్నె దించేసింది. ఆయన మళ్లీ పెట్టారు. ఆవిడ మళ్లీ స్టవ్ కట్టేసింది.

"ఓయమ్మా, మీకు దణ్ణం పెడతానండి, పొంగనివ్వండి!" అని ఆయన తెలుగులోనే మొత్తుకున్నారు.

మా మనవరాలు నవ్వాపుకుంటూ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పింది, కొత్తింట్లో పాలు పొంగితే మంచిదని. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పాలు పొంగి పొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి ఏ ఇల్లు బాగయినా ఆయనకు కబురొచ్చేది. పలకలు ఏరిన మనిషిని ఎవరు పిలుస్తారు?

పెద్దావిడ ఇల్లే ఆఖరు. గాలికి దాని కప్పు మొత్తం పోయింది. పెరట్లో కారవాన్‌లో, అంటే చక్రాల బండింట్లో, ఉండేది. నువ్వొచ్చి పాలు పొంగించేదాకా లోపల పడుకోను అని ఆయనతో అంది. వస్తానని ఆయన మాటిచ్చారు. కప్పు పూర్తయ్యే వారంలోనే పోయారు.

రింగాస్కిడీ వైపు తీసుకెళ్లి దహనం చేశాం. వచ్చేసరికి ఆవిడ ఇంటికి తలుపులు కూడా బిగించేశారు. ఆవిడ మాత్రం కారవాన్ వదల్లేదు. చలికి దగ్గు పట్టింది. మా అమ్మాయి ఎంత చెప్పినా "హి ప్రామిస్డ్" అంటుంది, తల అడ్డంగా ఊపుతుంది.

ఒక పొద్దున ఆవిడే మా గుమ్మంలోకి వచ్చి నా వైపు వేలు చూపించింది.

"తాతా, షి వాంట్స్ యూ" అంది మనవరాలు.

"నా వల్ల కాదమ్మా. అంతమందిలో..."

"ఇట్స్ ఓన్లీ మిల్క్, తాతా!"

మా అమ్మాయి వంటింట్లోంచే అంది. "వెళ్లు నాన్నా. మావయ్యగారైతే ఈపాటికి రెండు గిన్నెలు పొంగించేవారు."

ఆ మాటకే లేచాను. ఆయన ఇత్తడి గిన్నె ఎదురుగానే ఉంది. స్టీలు గిన్నె తీసుకున్నాను.

వంటిల్లు నిండా మనుషులు. ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నా చేతి కింద పాలు ఎన్నడూ ఒలకలేదు. నురుగు అంచు దాకా రాగానే నా చెయ్యి దానంతటదే స్టవ్ దగ్గరికి పోయింది. పెద్దావిడ నా మణికట్టు పట్టుకుంది.

"లీవ్ ఇట్" అంది. "లెట్ ఇట్ గో."

పట్టు వదల్లేదు. పాలు పొంగి, చుయ్యిమని, స్టవ్ కింది ఓవెన్ తలుపు మీదుగా కొత్త నేల మీదికి జారాయి. ఆవిడ ముక్కు తుడుచుకుని ఏదో అంది. ఏమందని మనవరాలిని అడిగాను.

"ఆ తాత ఉంటే ఇంతసేపూ మాట్లాడుతూనే ఉండేవాడు అంటోంది."

అక్కడా ఆయనే.

ఆ సాయంత్రం ఆవిడ కారవాన్‌లోంచి దిండు, దుప్పటి లోపలికి తెచ్చుకుంది.

కిటికీ పక్క మంచం మీద ఆయన తువ్వాలు అలాగే ఉంది. నేను తియ్యలేదు. మొన్న పెద్దావిడ టీకి పిలిస్తే వెళ్లాను. వంటిల్లంతా తుడిచి అద్దంలా ఉంచింది. ఓవెన్ తలుపు మీద మాత్రం పాలచార తెల్లగా ఎండిపోయి కింది దాకా ఉంది. అది ఎవరి గుర్తని ఉంచుకుందో నేను అడగలేదు. గిన్నె మాత్రం నాది.