సత్యానందం గారి జీపూ అరికాళ్ళూ

క్లచ్ ప్లేటు కాలిన వాసన ఒకసారి ముక్కుకి తగిలిందంటే ఆ పూటంతా వదలదు. మొన్న శ్రావణంలో మండవల్లి అవతల ఒక చేపల చెరువు గట్టు మీద ఆ వాసనే వచ్చింది. నల్లటి కొత్త బండి, నా నడుం ఎత్తు టైర్లు, పైన వరసగా లైట్లు. ముక్కు చెరువులోకి వాల్చి ఆగిపోయింది. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, తెల్ల బూట్లనిండా బురద. ఫోర్ వీల్ వేసే వచ్చామండి, అయినా జారిపోయిందండి అని ఒకడు నాతో మొరపెట్టుకున్నాడు, ఆ బండి నేనే తయారుచేసినట్టు. పొక్లెయిన్ బయల్దేరిందట, దానికోసం చూస్తున్నారు. నాకు నవ్వూ చిరాకూ కలిసి వచ్చాయి. అక్కడ నాకు పనేమీ లేదు, అయినా కదల్లేకపోయాను. ఆ వాసనలోంచి సత్యానందం గారు దిగి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని, ఆ కుర్రాళ్ళకి మర్యాదగా నాలుగు పెడతారేమోనని చూస్తున్నట్టుంది నా పరిస్థితి.

ఆయన్ని ఎరగనివాళ్ళకి ముందు ఆ మర్యాద సంగతి చెప్పాలి. కలిదిండిలో ఆయనకి రెండు గదుల ల్యాబ్ ఉండేది. చేపల చెరువుల నీళ్ళు పరీక్షించి, ఏ చెరువుకి ఏం లోటో రైతులకి చెప్పేవారు. తాడేపల్లిగూడెంలో డిగ్రీ అయిపోగానే నేను ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరాను. మామూలుగా నన్ను 'నువ్వు' అనేవారు. కోపం వస్తే 'మీరు' అయిపోయేదాన్ని. మరీ మండిపోతే 'తమరు'. ఆయన నోట 'అండీ' వినపడిందంటే రైతులు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఇక కూర్చోవడమనేది ఆయనకి తెలియదు. ల్యాబ్‌లో ఆయన కుర్చీ మీద ఎప్పుడూ సీసాలే ఉండేవి. టిఫిను జీపు బానెట్ మీద పెట్టుకుని నిలబడే తినేవారు. చర్చిలో ప్రసంగం కాస్త సాగితే చాలు, వెనక తలుపు దగ్గరికి జరిగిపోయేవారని ఆయన భార్య గ్రేసమ్మ గారు చెప్పి నవ్వేవారు. పెళ్ళినాడు కూడా అంతేనమ్మా, ఫాదరుగారి కంటే ముందు తనే ఆమెన్ అనేశాడు అనేవారు.

ఇక ఆ జీపు. దాని కథ ఆయన మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు. మిలిటరీవాళ్ళు వేలం వేస్తే మా తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు యజమాని కొన్నాడట. ధాన్యం చూసుకోవడానికి ఊళ్ళ వెంట తిరగాలి, ఆ రోజుల్లో కారుకి దారి కావాలి, దీనికి అక్కర్లేదు. పెట్రోలు పొయ్యలేక ఎవరో ఇంజను పీకించి డీజిలు ఇంజను పెట్టించారు. అప్పటినుంచీ పక్క సీటువాళ్ళతో మాట్లాడాలన్నా అరవాల్సిందే. కొన్నేళ్ళు ఏలూరు, కైకలూరు మధ్య జనాన్ని మోసింది, లోపల పట్టినంతమంది లోపల, మిగిలినవాళ్ళు వెనకాల రాడ్డు పట్టుకుని. ఎన్నికలప్పుడు మైకు కట్టుకుని పొద్దున ఒక పార్టీకీ సాయంత్రం ఇంకో పార్టీకీ తిరిగింది. చేపల చెరువులు తవ్వడం మొదలయ్యాక పిల్లచేపల డ్రమ్ములు మోసింది. చివరికి ఏలూరులో ఒక షెడ్డు వెనక టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంటే ఈయన కంటబడింది. అందరూ వద్దన్నారు. అందుకే కొన్నాననేవారు ఆయన.

దాన్ని ఉంచుకోవడం అంటే ఒక ముసలి బంధువుని ఇంట్లో పెట్టుకోవడమే. వానొస్తే బయటకంటే లోపలే ముందు కురిసేది. ఎండాకాలం గేరుబాక్సు వేడికి నడిపేవాళ్ళ ఎడమకాలు ఉడికిపోయేది. స్టీరింగ్ పావుచుట్టు తిప్పినా చక్రాలకి కబురు అందేది కాదు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన తెల్లబట్టలతోనే బండి కింద దూరేవారు, గ్రేసమ్మ గారు వాకిట్లో నిలబడి ఆ చొక్కాకి జరగబోయేది చూస్తూ తిట్టేవారు. నెలకోసారి ఏలూరు షెడ్డుల చుట్టూ ప్రదక్షిణం ఉండేది. ఆ బేరింగు దొరకదంటే ఇంకోదాన్ని సానబెట్టించి బిగించుకునేవారు. హాయిగా ఒక కొత్త కారు కొనుక్కోవచ్చు కదండీ అని నేనొకసారి అంటే, అది రోడ్డు అయిపోయిన చోట ఆగుతుంది, మన పని అక్కడే మొదలవుతుంది అన్నారు.

అంత నిలకడ లేని మనిషికి ఒక్క చోట మాత్రం ఎక్కడలేని ఓపిక వచ్చేది. కొల్లేటి నల్లమట్టి ఎండితే సిమెంటు, తడిస్తే సబ్బు. గట్టుకి రెండువైపులా చెరువులు, మధ్యలో బండి పట్టేటంత దారి. పైన ఆరినట్టే కనిపిస్తుంది, పక్క చెరువు నిండుగా ఉంటే లోపల నీరు ఊరుతూ ఉంటుంది. వాన పడ్డాక ఏ గట్టు ఎక్కాలన్నా ఆయన జీపు ఆపి, చెప్పులు విప్పి, ఉత్తకాళ్ళతో ఆ చివరిదాకా నడిచి వచ్చేవారు. అవతల చేపలు గాలి అందక నీటి మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నా, రైతు ఫోను మీద ఫోను చేస్తున్నా సరే, నడిచాకే బండి. ఏం చూస్తారండీ అని అడిగితే, చూడటం కాదమ్మా, కంటికి తెలియదు, మడమకి తెలుస్తుంది అనేవారు. వెంట నన్నూ నడిపించేవారు. మొదట్లో నాకు బురద తప్ప ఏమీ తెలిసేది కాదు. పోనుపోను వేళ్ళ కింద చల్లదనం ఒక చోట పెరగడం, మడమ కింద మట్టి కాస్త ఊగడం పట్టుబడింది.

డ్రైవింగ్ రాని అసిస్టెంటుకీ సామానుకీ తేడా లేదని నాకు నేర్పించడం మొదలుపెట్టారు. గూడెంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే ఉంది కదా, మా ఊళ్ళో సైకిలు మొదలు లారీ దాకా అందరం నేర్చుకునేది అక్కడే. జీపుదీ దాని వయసే, ఇద్దరూ ఒకప్పటి మిలిటరీ స్నేహితులు అనేవారు. మేస్తున్న గేదెల్ని తప్పించుకుంటూ రెండు మూడు ఆదివారాలు తిన్నగా నడిపాక నాకు కాస్త గర్వం వచ్చింది. అప్పుడు బండిని సిమెంటు దింపి, వాన నీళ్ళు నిలిచిన అంచులోకి పోనివ్వమన్నారు. బురద చూడగానే నేను తెలివిగా ఫోర్ వీల్ గేరు వేశాను. ఆయన చెయ్యి చాచి ఇంజను ఆపేశారు.

"అది వెళ్ళడానికి కాదండీ, వెనక్కి రావడానికి" అన్నారు. "ముందే వేసుకుని పోతే ఇంకాస్త లోపలికెళ్ళి ఇరుక్కుంటారు. అప్పుడు మీ దగ్గర ఇంకేం మిగలదు."

మా ప్రాంతంలో కొత్తగా పెద్ద బండి కొన్న ప్రతివాడూ చేసే పొరపాటు అదే. నాలుగు చక్రాలూ తిరుగుతాయన్న ధీమాతో తడిగట్టు ఎక్కుతాడు, నాలుగూ కలిసే జారతాయి.

ఆయన దగ్గర నేను కుదురుకుని కొన్నేళ్ళు గడిచాక, ఒక వానాకాలం ఉదయం కలిదిండి దగ్గర్లోని వీర్రాజు అనే రైతు ఫోను చేశాడు, చేప తేలుతోందని. వెళ్ళాం. రాత్రంతా కురిసి అప్పుడే తెరిపిచ్చింది. సత్యానందం గారు ఎప్పటిలాగే చెప్పులు విప్పి గట్టు నడిచి వచ్చారు. నన్ను రావద్దని మందుల డబ్బాలు సర్దమన్నారు. గట్టిగానే ఉంది పద అని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. సగం దూరం వెళ్ళేసరికి వెనకభాగం మెల్లగా పక్కకి తప్పుకుంది. ఆయన ఎంత తిప్పినా లాభం లేకపోయింది, ఎడమ చక్రాలు రెండూ గట్టు దిగిపోయాయి. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటరు వైరు కోసం పాతిన తాటిమొద్దుకి ఆనుకుని జీపు ఆగింది కాబట్టి సరిపోయింది, నా కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. ఎలాగో ఆయన వైపు నుంచే ఇద్దరం బయటపడ్డాం. అప్పుడు చూశాను, బ్రేకు పెడల్ ఎర్రగా ఉంది. ఆయన కుడి అరికాల్లో నత్తగుల్ల ముక్క దిగిపోయి ఉంది, అడుగు వేసిన చోటల్లా నెత్తురు.

"సార్, కాలు" అన్నాను. "నొప్పిగా లేదా?"

"ఎక్కడ?" అన్నారు.

ఆయన కాలెత్తి చూసుకున్నారు, ఎవరిదో కాలు చూసినట్టు. షుగరు ఉందని అందరికీ తెలుసు, అరికాళ్ళు మొద్దుబారిపోయాయని ఎవరికీ తెలియదు. ఎంతకాలంగా ఇలా ఉందని గట్టిగా అడిగితే, కొన్నాళ్ళుగా దూది మీద నడుస్తున్నట్టుందని చెప్పారు. అంటే అన్నాళ్ళుగా ఆయన గట్లు నడుస్తున్నది అలవాటుకే, నేల ఆయనకి ఏమీ చెప్పడం లేదు. మీ ఆంటీకి తెలిస్తే తాళం లాక్కుంటుంది, తాళం పోయాక నేను బతికేదేముంది అన్నారు. ఆ మాటలో ఎక్కడా 'అండీ' లేదు. నాకు అందుకే భయం వేసింది.

చెప్పకుండా ఉండలేనని ఆయన మొహం మీదే చెప్పి, ఆ సాయంత్రమే వెళ్ళి గ్రేసమ్మ గారికి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కందిపప్పు ఏరుతున్నారు, చెయ్యి ఆపలేదు. తెలుసమ్మా, ఇల్లు తుడిచేది నేనే కదా అన్నారు. నెత్తురు మరకలు ముందోసారి కూడా చూశారట. అడిగితే చెప్పు వారు తెగి కాలు గీరుకుందని ఏదో చెప్పారట. మరి తాళం ఎందుకు దాచలేదండీ అన్నాను. ఆవిడ చాట పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"దాస్తే నడిచి పోతాడు. గదిలో పెట్టి గడియ వేస్తే నెలలో చచ్చిపోతాడు. నడపనిస్తే చెరువులో పోతాడు. నువ్వు నడుపు తల్లీ. ఆయన పక్కన కూర్చుంటాడు."

పక్కన కూర్చోబెట్టడం అంత తేలికగా జరిగిందనుకోకండి. మర్నాడు నేను డ్రైవరు సీట్లో కూర్చుంటే, ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తమరి దయ అండీ అంటూ ఎడమవైపు ఎక్కారు. వారం రోజులు నేను 'తమరు'గానే ఉన్నాను. ఆ సీట్లో ఆయన కూర్చుంది తక్కువ, లేచింది ఎక్కువ. లేని బ్రేకు తొక్కేవారు, గేరు మార్చబోతుంటే చెయ్యి ముందుకొచ్చేది. గట్టు దగ్గర నేను చెప్పులు విప్పి నడుస్తుంటే జీపులోంచే ప్రశ్నలు వేసేవారు. బాగుందండీ అంటే ఒప్పుకునేవారు కాదు. బాగుందన్నది నీ మాట, నేల మాట చెప్పు అనేవారు. ఎక్కడ చల్లగా ఉంది, వేళ్ళు ముందు దిగుతున్నాయా, మడమా, కాలు తీస్తే మట్టి వదులుతోందా, పట్టుకుంటోందా. చెప్పలేకపోతే మళ్ళీ నడిపించేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన పోగొట్టుకున్నదాన్ని నా కాళ్ళలోంచి లాక్కుంటున్నారని అర్థమయ్యాక మండటం మానేసింది.

ఆ గాయం మానలేదు. ఏలూరులో ఆసుపత్రి, ముందు రెండు వేళ్ళు, తర్వాత మోకాలి కింద దాకా తీసేశారు. మంచం మీద ఆ మనిషిని చూడటానికి వెళ్ళడమంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. దుప్పటి కింద మిగిలిన కాలు ఊగుతూనే ఉండేది. ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళకి, వానలు మొదలవగానే, గ్రేసమ్మ గారే ఫోను చేసి ఒకసారి గట్టు మీదికి తీసుకెళ్ళమన్నారు. ఇద్దరం పట్టి ఎడమ సీట్లో ఎక్కించాం. కొల్లేటి అంచున ఒక పొడుగాటి గట్టు దగ్గర ఆపి, నేను నడిచి వచ్చాను.

"ఎలా ఉంది?" అన్నారు.

పైన రెండు వేళ్ళ మందం మెత్తగా ఉందని, దాని కింద గట్టిదనం తగులుతోందని, మలుపు దగ్గర కుడివైపు చల్లగా ఊరుతోందని, అక్కడ మడమ కింద కాస్త ఊగిందని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"అయితే అక్కడ ఎడమకి పట్టు" అన్నారు. "పోనీ."

అంతే. గట్టు చివరిదాకా ఇంకో మాట లేదు. బ్రేకు తొక్కబోలేదు, చెయ్యి ముందుకు రాలేదు. మలుపు దగ్గర జీపు కాస్త తూలినా తల తిప్పలేదు, నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆయన కుదురుగా కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. చూడకుండా ఉంటే బాగుండుననిపించింది. ఒక్కసారి తిడితే బాగుండునని ఆ గట్టు పొడుగునా కోరుకున్నాను. నా మీద నమ్మకం కుదిరిందని సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. వానలు వెళ్ళేలోపే ఆయన పోయారు. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక గ్రేసమ్మ గారు జీపు నన్ను తీసుకుపొమ్మన్నారు. ఆయన బండి నా వాకిట్లో కదలకుండా ఉంటే చూడలేను అన్నారు.

ల్యాబ్ ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. గంటకు మించి కూర్చుంటే నాకు కాళ్ళు లాగుతాయి, మా ఆయన ఆ జబ్బుకి సత్యానందం అనే పేరు పెట్టారు. నవ్వుతాను గానీ, ఈ ఏడాది మొదట్లో నాకూ షుగరు బయటపడింది. ఉత్తకాళ్ళతో ఎక్కడా నడవొద్దని ఏలూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమంది. ఇంట్లో వేసుకుంటున్నాను. గట్టు దగ్గరకొచ్చేసరికి జీపు ఆపి, కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, చివరికి విప్పేస్తాను. మొదటి అడుగు వెయ్యాలంటే ఇప్పుడు భయం. వేస్తాను. వేళ్ళ సందుల్లోకి బురద చల్లగా ఎక్కుతుంది, మడమ కింద నేల కొద్దిగా కదులుతుంది. ఎక్కడెలా ఉందో పైకే చెప్పుకుంటూ నడుస్తాను, తెలుస్తున్నంతసేపూ.