చేతికి చుట్టిన తాడు

నవంబర్‌లో లడఖ్ పోస్టుకు చేరాను. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ, మధ్యలో ఒక లారీ తిరిగేంత జాగా. మిట్టమధ్యాహ్నం కూడా సీసాలో నీళ్లు గడ్డకట్టేవి. నిజామాబాద్ జిల్లా వాళ్లం ముగ్గురం: బోధన్ హవల్దార్, సిరికొండ సిపాయి, ఆర్మూర్ నుంచి నేను. సిపాయి సైన్యంలో చేరకముందు ఆర్మూర్ మార్కెట్లో హమాలీ.

జనవరిలో రేడియో బ్యాటరీలను చార్జ్ చేసే జనరేటర్ చెడిపోయింది. రేడియో మూగబోతే కింది క్యాంపుతో మాకు మాటే ఉండదు. కొత్తది లారీలో వచ్చింది. చీకటి పడకముందే దించాలని ఆదేశం.

లారీ వెనక రెండు చెక్కలు వాల్చాం. జనరేటర్‌కు తాళ్లు కట్టాం. పైన నిలబడి, కొంచెం కొంచెం వదులుతూ దించాలి. హవల్దార్ అందరి చేతులూ చూశాడు.

"తాడు చేతికి చుట్టుకోకుర్రి. మిషన్ జారితే ఇడిసిపెట్టుర్రి."

"సాబ్, పసుపు ఉడకబెట్టే కడాయిలు దించినోణ్ణి. గిదెంత?" అన్నాడు సిపాయి.

"మీ మార్కెట్ల మంచు పడ్తదా బే?"

బరువు దించేటప్పుడు తాడును ముంజేతికి రెండు చుట్లు వేసుకోవడం మా ఊరి హమాలీల అలవాటు. సరుకు జారవిడిచినవాణ్ణి తోటివాళ్లు ఎగతాళి చేసి చంపుతారు. జనరేటర్ సగం దిగేసరికి సిపాయి తనకు తెలియకుండానే ఆ చుట్లు వేసుకున్నాడు.

చెక్క మీది మంచుకు జనరేటర్ జారింది. మేమంతా తాళ్లు వదిలేశాం. సిపాయి వదల్లేకపోయాడు. లారీ పైనుంచి కింద పడ్డాడు. జనరేటర్ అతన్ని లోయవైపు ఈడ్చుకుపోతోంది.

హవల్దార్ పరుగున వచ్చి అతని మీద పడి, కత్తి తీసి తాడు కోశాడు. లోయలో చప్పుడు చాలాసేపు వినిపించింది.

"సాబ్, మిషన్ పోయిందా?"

"పోనీ. నువ్వున్నవ్ గద. కదలకు."

మిగిలిన చార్జ్‌తో హవల్దార్ క్యాంపుకు హిందీలో చెప్పాడు: తాడు కోశాం, జనరేటర్ పోయింది, మనిషి ఉన్నాడు, హెలికాప్టర్ పంపండి. ఎవరి ఆదేశంతో కోశారని అటునుంచి అడిగారు. "నాదే" అన్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికి, తుంటి విరిగిన సిపాయి మార్కెట్ గేటు దగ్గర వాచ్‌మన్. లారీ వచ్చిందంటే కుంటుతూ వెళ్తాడు.

"చేతికి చుట్టుకోకుర్రి రా! సామాను పోతే పోనీ!"

"గట్లనే మిలిటరీ అన్నా, జర మెల్లగ ఒర్రు" అంటూ హమాలీలు చుట్లు విప్పుతారు.

అది చూసినప్పుడల్లా నాకు ఆ రోజు హెలికాప్టర్ కోసం ఎదురుచూసిన బంకరే కనిపిస్తుంది. తెగిన తాడు చుట్టుకున్న సిపాయి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. హవల్దార్ తన గ్లోవ్స్ తీసేసి, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకునేదాకా వెచ్చగా ఊదుతూనే ఉన్నాడు.