కోతలకు ముందు పెళ్లి

2023 మార్చి. నూజివీడులో ఎండలు అప్పటికే ముదిరాయి. గృహవిజ్ఞానం టీచరుగా రిటైరై చాలా ఏళ్ళయినా, మా చర్చిలో పెళ్లి కుదిరిన జంటలకు క్లాసు చెప్పే పని మాత్రం నన్ను వదల్లేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పినా పాస్టరుగారు వినరు. "కూర్చునే చెప్పండమ్మా" అంటారు. అందుకని క్లాసు మా ఇంటి వరండాలోకి మారింది.

దీన్ని ప్రీ-మారిటల్ కౌన్సెలింగ్ అంటారు. పెళ్లికి ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి సంసారం గురించి మాట్లాడటం. బైబిలు వాక్యం పాస్టరుగారు చెప్తారు, ఇల్లు నడిపే సంగతి నాది. ఉత్త ఉపదేశాలకు పిల్లలు ఆవలిస్తారని బడిలోనే తెలుసుకున్నాను. అందుకే పాత నవలల్లో కనిపించే ఇళ్ళను తీసుకుని, నా మాటల్లో చిన్న చిన్న సంభాషణలుగా రాసి పెట్టుకున్నాను. వాటిని జంటచేత చదివిస్తాను. భార్య మాటలు పెళ్లికొడుకు చదవాలి, భర్త మాటలు పెళ్లికూతురు చదవాలి. ఒకరి వేషం ఇంకొకరు వేసే ఈ పద్ధతిని రోల్ ప్లే అంటారు. చాలామంది నవ్వుకుంటూ చదివేసి, టీ తాగి వెళ్ళిపోతారు. నిజం చెప్పాలంటే ఆ ఏటికి నాకూ విసుగొచ్చేసింది. ఆ చదివింది ఎవరింట్లోనైనా అక్కరకొచ్చిందని డైరీలో రాద్దామంటే రాయడానికేమీ ఉండేది కాదు.

అలాంటప్పుడు రత్నరాజు, కెజియా వచ్చారు. రత్నరాజు విస్సన్నపేట వైపు మామిడి తోటలు గుత్తకు తీసుకుంటాడు. తండ్రి లేడు. కోతలు మొదలైతే కూలీలకూ లారీవాళ్ళకూ రెండు పూటలా తోటలోనే వంట. ఏళ్ళ తరబడి ఆ పొయ్యి దగ్గరే ఉండి అతని తల్లి సంతోషమ్మ నడుం పోయింది. కెజియా మా చర్చి అమ్మాయే, విజయవాడలో నర్సింగు చివరి ఏడాది చదువుతోంది. ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో మాకు పెళ్లిళ్ళు చేయరు. అందుకని ఈస్టరు దాటగానే, కోతలు ఊపందుకునేలోపు పెళ్లి పెట్టుకున్నారు. బాన్స్ అప్పటికే ఒకసారి చదివారు. బాన్స్ అంటే పెళ్లి ప్రకటన. మూడు ఆదివారాలు ఆరాధనలో పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు.

"పెళ్లయిన మొదటి నెల ఎక్కడుంటారు, ఏం చేస్తారు?" నేను అందర్నీ ముందు అడిగేది అదే.

"తోటలోనేనండీ, కోతలు కదా," అన్నాడు రత్నరాజు.

"నువ్వమ్మా?"

"వంటండీ," అంది కెజియా.

"ఏప్రిల్ ఆఖర్లో పరీక్షలన్నావుగా?"

"ఈసారికి వదిలేశానండీ."

"మళ్ళీ రాసుకోవచ్చులెండి టీచరుగారూ," అన్నాడు అతను, ఫోనులో ఎవరికో మెసేజ్ పెడుతూ.

ఆ అమ్మాయి ఒళ్ళో లావుపాటి పాఠ్యపుస్తకం ఉంది. దాని అంచులు వేలితో సవరిస్తూ కూర్చుంది. నా దగ్గర చదివిన ఆడపిల్లల్లో అలా ఈసారికని ఆగిపోయినవాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. రాసిపెట్టుకున్న వాటిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాను. రోజూ ఎవర్నో ఒకర్ని భోజనానికి తీసుకొచ్చే ఇంటాయన కథ. ఊరంతా ఆయన్ని ధర్మాత్ముడంటుంది.

కెజియా భర్త మాటలు చదివింది. "ఇంకో నలుగురొస్తున్నారు. అన్నం వండు."

"అలాగేనండీ," అన్నాడు రత్నరాజు గొంతు సన్నం చేసి.

"మజ్జిగ చాలదేమో, చూడు."

"అలాగేనండీ."

"రాత్రికి ఇక్కడే ఉంటారు. పక్కలు వెయ్యి."

"అలాగేనండీ." కాగితం తిప్పి చూశాడు. "ఏంటండీ, వెనకా ఇదేనా? ఈవిడకి ఇంకో మాట లేదా?"

"పాతవాళ్ళు అంతే రాశారు బాబూ."

"పొద్దున్నుంచీ తిన్నట్టే లేదు ఈవిడ. ఆయన ఒక్కసారైనా తిన్నావా అని అడగడేంటండీ?"

కెజియా కాగితం దించి అతని వైపు చూసింది. "మీరు నన్ను పరీక్షల సంగతి అడిగారా?"

"నువ్వు సరేనన్నావుగా!"

"ఈవిడా సరేననే అంటోందిగా."

రత్నరాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు టీ కూడా తాగలేదు.

మర్నాడే సంతోషమ్మ వచ్చింది. నడుం పట్టుకుని మెట్లెక్కుతూనే మొదలెట్టింది. "మావాడికి ఏం నూరిపోశారు టీచరమ్మగారూ? పెళ్లి వెనక్కి జరుపుదామంటున్నాడు. పరీక్షలు మళ్ళీ వస్తాయి, కాయ ఆగుద్దా?"

"వంటమనిషిని పెట్టుకోవచ్చుగా సంతోషమ్మా."

"వంటమనిషిని పెట్టుకుంటే నాకు కోడలెందుకండీ?" అనేసి, కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అంది. "నా పెళ్లీ కోతల ముందే చేశారు. నన్నెవరడిగారు?"

మంచినీళ్ళిచ్చాను. వెళ్తూ వెళ్తూ అసలు భయం బయటపెట్టింది. "బాన్స్ చదివాక ఆపితే ఎవరో అభ్యంతరం చెప్పారంటారు. మచ్చ ఆ పిల్లకేనండీ."

ఆ మాట నిజం. మా వైపు బాన్స్ మధ్యలో ఆగితే కారణం ఎవరూ అడగరు, వాళ్ళే కల్పించుకుంటారు. అది ఎప్పుడూ ఆడపిల్ల మీదికే పోతుంది. కెజియా నాన్న కూడా ఆ భయంతోనే వచ్చి, ఇందులో కలగజేసుకోవద్దని బతిమాలాడు. పెద్దవాళ్ళ మాట కాదని ఆపలేనన్నారు పాస్టరుగారు. రెండో ఆదివారం కూడా పేర్లు చదివేశారు. ఇక నావల్ల కాదనుకుని ఊరుకున్నాను.

మూడోది ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. పిల్లలంతా ఈత మట్టలు పట్టుకుని అల్లరి చేస్తున్నారు. పాస్టరుగారు పేర్లు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. సాధారణంగా ఆ కాస్త వ్యవధిలో అందరూ తర్వాతి కీర్తన నంబరు వెతుక్కుంటారు.

"నాకుందండీ," అన్నాడు రత్నరాజు, మగవాళ్ళ వరసలోంచి లేచి నిలబడి.

పిల్లల నోళ్ళు కూడా ఎవరో మూయించారు.

"పెళ్లికి కాదండీ, తేదీకి. అమ్మాయికి పరీక్షలున్నాయి. ముందు చూసుకోకపోవడం నాది తప్పు. కోతలయ్యాక జూలైలో చేసుకుంటాం. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆపింది నేనే."

"మరి తోటలో వంటెవడ్రా?" అన్నారు వెనక నుంచి ఒకాయన.

"నేనే బాబాయ్. నువ్వు భోజనానికి రాకు."

చర్చంతా నవ్వింది. సంతోషమ్మ మాత్రం ముసుగు ముందుకు లాక్కుని తల దించుకునే ఉంది. కెజియా నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కథ అక్కడితో చక్కబడిందని రాయలేను. కెజియా పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది, రెండోసారి రాసి గట్టెక్కింది. తోటలో కూలీలు ఆ వేసవంతా కూర బాగోలేదని గొణుక్కున్నారు. సంతోషమ్మ సీజనంతా నాకు వందనాలు చెప్పలేదు. జోరువానలో పెళ్లి జరిగింది. కెజియా ఇప్పుడు ఊళ్ళోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. కోతలప్పుడు సెలవు పెట్టమని అత్తగారు, దొరకదని కోడలు, ఏటా మాటలు జరుగుతూనే ఉన్నాయట.

పాత పుస్తకాల్లో ఇల్లు నిలబడేది ఓపిక మీద. అది అబద్ధమని నేననను, క్లాసులో ఇప్పటికీ అదే చెప్తాను. అయితే ఆ ఓపిక ఎవరిదో అడగాల్సింది మనం. అడిగినంత మాత్రాన సరిపోదని ఈ ఇద్దరి వల్ల తెలిసింది. రత్నరాజు మా వరండాలో తల ఊపి, పెళ్లిని చప్పుడు కాకుండా వాయిదా వేయించి ఉంటే నింద కెజియా మోసేది. పదిమందిలో నిలబడి దాన్ని తన మీద వేసుకున్నాడు. క్రైస్తవ గృహం అని మేము చెప్పుకునేదానికి అంతకంటే పెద్ద అర్థం నాకు తెలియదు. అలా నిలబడిన ఇంకొకణ్ణి ఆ తర్వాత చూడలేదు. జంటలు మాత్రం వస్తూనే ఉన్నారు.