నాకు సులువు చేసిన యాప్

నాకు అక్షరాలు రావు. మా ఆయన పోయాక వేములపల్లిలో రెండెకరాల వరి నా మీద పడింది, దాంతోపాటు రైస్ మిల్లు వాళ్ళ యాప్ కూడా పడింది. మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలాలంటే అందులో టోకెన్ తీసుకోవాలి. అన్నింటికంటే పైనున్న డబ్బా నొక్కితే టోకెన్, దాని కిందిది నొక్కితే రద్దు. ఈ గుర్తుతోనే రెండు పంటలు అమ్ముకున్నాను.

మా నాట్ల ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్ళకు నా ఫోనే దిక్కు. ఇవాళ టోకెన్ తీయమంటారు, రేపు కోత మిషన్ రాలేదని రద్దు చేయమంటారు. ఆ రద్దు డబ్బా మొండిది, నాలుగైదు సార్లు పొడిస్తే గానీ కదిలేది కాదు.

మొన్న యాసంగి వడ్లు ట్రాక్టర్‌కెత్తి, ముందే తీసుకున్న నా టోకెన్ ఉందో లేదో చూద్దామని పై డబ్బా నొక్కాను. ఒక్క నొక్కుకే ఏదో అయింది. ఉందిలే అనుకుని బయల్దేరాను.

మిల్లు గేటు దగ్గర కంప్యూటర్ చూసేది కోదాడ ఆయన.

"మీ టోకెన్ పొద్దున మీరే రద్దు చేసుకున్నారమ్మా."

"నేనెందుకు జేసుకుంట? వడ్లు తెచ్చి గీడ నిలబడ్డ గద."

"యాప్ మారిందండి. మన అలవాటు చూసి, ఎక్కువ నొక్కేదాన్ని పైకి తెస్తుంది. మీకు సులువుగా ఉంటుందని."

"ఎవల అలవాటు జూసింది? నాదా, మా పన్నెండు మందిదా?"

"ఫోనుకు ఒక్కరే ఉంటారనుకుంటుందమ్మా."

"గట్లయితే అది మా వాడకట్టు సూడలే. ఒక్క బోరింగుకు ముప్పై ఇండ్లు మావి."

ట్రాక్టర్ మీద కూర్చున్న మా వదినె నవ్వింది. "నీ ఇంట్ల ఉప్పు డబ్బా నేను జరిపితే ఊకుంటవా? గా ఫోను దాని డబ్బాలు జరిపితే ఊకున్నవ్."

"నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుందిలెండి," అన్నాడాయన.

"మబ్బు బట్టింది సార్. నాలుగొద్దులు ఆగుమని జర దానికి జెప్పు."

మబ్బుకైతే చెప్పలేదు గానీ, ఐదో రోజుకు కొత్త టోకెన్ తీసిచ్చాడు. వడ్లు వెనక్కి తెచ్చి కల్లంలో పోస్తే సాయంత్రానికే వాన. పట్టా కప్పినా అడుగు తడిసి మొలకెత్తింది. ఐదో రోజు మిల్లులో పైనున్న పొడి వడ్లు తీసుకుని, మొలకొచ్చిన ఆరు బస్తాలు వెనక్కి పంపారు. ఆ వారమంతా మా బర్రె మొలకల వడ్లు తిన్నది. సులువైంది దానికొక్కదానికే.