మామ మళ్లీ సముద్రానికి ఎందుకు వెళ్లాడు

మా మేనమామ పోయాడని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున రాయపోల్ నుంచి అత్త ఫోన్ చేసింది. "గీడనే కుర్చీల కూసొని చాయ్ తాగుతుండె బిడ్డా. కప్పు కింద పెట్టిండు, గంతే" అంది. "ఏ కప్పు?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకిప్పటికీ తెలియదు.

మామ వెల్డర్‌గా గల్ఫ్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఎక్కడో లోతు సముద్రంలో, చమురు తీసే తేలే ప్లాట్‌ఫారం మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. నేను సిద్దిపేటలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. అల అంటే నాకు బోర్డు మీద గీసే వంకర గీత. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు నా నోట్సులో ఆ గీత చూసి మామ నవ్వాడు. టబ్బు నిండా నీళ్లు పోసి, స్టీలు గిన్నెను నీళ్ల మీద వదిలి, నాలుగు దారాలతో అడుగున రాళ్లకు కట్టాడు. ఊదితే గిన్నె ఒక పక్కకు జరిగింది. టబ్బు కదిపితే ఊగింది.

"గాలి నూకుతది, అల ఊపుతది. రెండూ ఒక్క దిక్కు నుంచి రావు అల్లుడా, గదే తిప్పలు" అన్నాడు. దారాలు బిగించి మళ్లీ కదిపితే గిన్నెలోకి నీళ్లొచ్చాయి. "జర వదులుంచాలె. గట్టిగ పట్టుకుంటే మునుగుతది." ఇప్పటికీ ఆ పాఠం నేను టబ్బుతోనే మొదలుపెడతాను.

తర్వాత ఒక తుఫానులో ప్లాట్‌ఫారాన్ని పట్టి ఉంచే గొలుసుల్లో ఒకటి తెగింది. గాలి కాస్త తగ్గగానే సగం మందిని హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చారు. ఇంటికొచ్చిన మామ, చచ్చినా మళ్లీ పోనన్నాడు. మూడు నెలలకే పెట్టె సర్దాడు.

ఎందుకని అడిగితే, "గాడ ఊగుతదని ఎరికే. గీడ ఎప్పుడు ఊగుతదో తెల్వది" అన్నాడు. అత్తకేమో ఇంట్లో నిద్రపట్టడం లేదని చెప్పాడట.

పదో రోజున అత్త ఇంటికి ధూళిమిట్ట నుంచి ఆయనతో పనిచేసిన మనిషి వచ్చాడు. "హెలికాప్టర్ల ఒక్క జాగనే మిగిలింది సారూ. 'నువ్వు ఎక్కు' అన్న, ఎక్కిండు. నేను గాడనే ఉన్న. మూడు నెలలకు మళ్లొచ్చి, నా పక్క మంచమే అడిగి తీసుకున్నడు. గా ముచ్చట మాత్రం ఎన్నడూ ఎత్తలే."

"మీకోసమే తిరిగొచ్చాడా?"

"ఏమో సారూ. నేను గూడ అడగలే."

మూడు కారణాల్లో ఏది నిజమో నాకు తేలలేదు. మామ భయస్థుడో, ధైర్యవంతుడో కూడా తేలలేదు.

వెళ్లే ముందు ఆ మనిషి మామ ఫొటో దగ్గర నిలబడ్డాడు. ఫ్యాన్ గాలికి ఫొటో మేకు మీద అటూ ఇటూ కదులుతోంది. దాని అంచు పట్టుకున్నాడు. అత్త లేచి ఫ్యాన్ ఆపింది. రెక్కలు పూర్తిగా ఆగిపోయాయి. అయినా ఆయన చెయ్యి తీయలేదు.